మావయ్య రెండో గిన్నె

మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరికి ఏ కషాయం ఇచ్చినా, దానితో సమానంగా తానూ తాగుతాడు. రోగి చేతికో గిన్నె, తన చేతికో గిన్నె. పీట లాక్కుని ఎదురుగా కూర్చుని "ఊఁ, కానిద్దామా?" అంటాడు. రోగి గుటక వేస్తే తానూ గుటక వేస్తాడు. గిన్నెలు ఖాళీ అయ్యాక ఇద్దరూ ఆముదం తాగిన మొహాలు పెట్టి ఒకరినొకరు చూసుకుంటారు. ఆ రెండు మొహాల్లో మావయ్యదే ఎప్పుడూ ఘోరంగా ఉంటుంది.

మూలికల వైద్యుడన్నవాడు ఎండబెట్టాలి, నూరాలి, కాచాలి, ఇవ్వాలి. తాగడం రోగి వంతు. ఈ పంపకం లోకంలో అందరికీ తెలుసు, ఒక్క మావయ్యకి తప్ప. కింది వీధిలో దర్జీ కొట్టుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆయన దుకాణంలో గోడ పొడుగునా చెక్క సొరుగులు, మూలన పొయ్యి, పొయ్యి పక్కన జతలు జతలుగా బోర్లించిన గిన్నెలు ఉండేవి. ఒంటి గిన్నె అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఒకసారి పోస్టుమాస్టరుగారికి కడుపు శుభ్రపడే కషాయం అవసరమైంది. సెలవు పెట్టడం కుదరదన్నారాయన. "దానికేముందండీ, నేనే వస్తాను" అని మావయ్య రెండు గిన్నెలూ పట్టుకుని పోస్టాఫీసుకే వెళ్ళాడు. అక్కడ ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. ఆ పూట స్టాంపుల కోసం వచ్చినవాళ్ళకి కౌంటరులో మనిషి కనపడలేదు గానీ, లోపలి సంభాషణ మాత్రం బాగా వినపడింది.

"అయిందాండీ?"

"ఇంకా లేదు. మీరు కాస్త ఆగాలి."

"నేను ఆగలేనండీ."

"ఇందాక నేను ఆగలేదా?"

ఆ రోజు ఉత్తరాలన్నీ మర్నాడు బట్వాడా అయ్యాయి. ఆ తర్వాత పోస్టుమాస్టరుగారు మావయ్య ఎక్కడ కనపడినా లేచి నిలబడేవారు. కలిసి యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళ మధ్య ఉండే గౌరవం అది.

దర్జీ భార్య పురుడు పోసుకున్నాక బలానికి లేహ్యం ఇచ్చాడు. ఆవిడ లేచి తిరిగేనాటికి మావయ్య చొక్కాలకి గుండీలు పట్టడం మానేశాయి. వాటిని వదులు చేసే పని దర్జీకే దొరికింది. ఇంకోసారి పాలవాడు మేత ముట్టని దూడని తోలుకొచ్చాడు. మావయ్య బకెట్లో అల్లం కషాయం కలిపి, దూడ ఎదురుగా చతికిలబడి, తన వాటా తాను తాగి, మొహం పెట్టాడు. దూడ ఆయన్ని తేరిపార చూసి, బకెట్లో మూతి పెట్టింది. "దానిక్కూడా జాలేసిందండీ" అన్నాడు పాలవాడు.

ఎందుకిలా తాగుతావని అడగనివాళ్ళు లేరు. దాహమని కొందరు, కక్కుర్తి అని కొందరు, చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలి ఉంటుందని ఇంకొందరు తీర్మానించారు. మావయ్యది మాత్రం ఒకటే జవాబు.

"మాటిచ్చానండీ."

"ఎవరికి?"

"ఉన్నార్లెండి, ఒక పెద్దమనిషి. బాగా కోపిష్టి."

ఆ కోపిష్టి ఎవరో మేనకోడలికీ తెలియదు. ఆమె కొండమీద వేడినీటి ఊట పక్కనున్న రిసార్టులో మేనేజరు. నగరాల్లో అలిసిపోయినవాళ్ళు అక్కడికొచ్చి వేడినీళ్ళలో మునుగుతారు, కొండ ఎక్కి దిగుతారు, తక్కువ తినండని చెప్పించుకుని దానికి బిల్లు కడతారు. మేనకోడలు ఆ రిసార్టులో దుప్పట్లు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరి మేనేజరు కుర్చీదాకా వచ్చింది. పట్టుదల ఆ ఇంట్లో అందరికీ సమానంగా వచ్చింది. మావయ్య దాన్ని కషాయం తాగడానికి వాడుకున్నాడు, ఆమె మిగతా అన్నిటికీ వాడుకుంది.

కింది వీధి దుకాణానికి జనం రావడం తగ్గిపోయింది. ఇల్లుగలాయన ఖాళీ చేయమంటున్నాడు. ఆ సొరుగులు పాత సామాన్లవాడి బండి ఎక్కితే, వాటిలో ఏ ఆకు దేనికో తెలిసిన మనిషి ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. మేనకోడలికి ప్రపంచంలో ఉన్న భయం అదొక్కటే. అందుకని ఒకనాడు సరాసరి యజమానురాలి గదిలోకి వెళ్ళి, మన వెల్‌నెస్ కార్యక్రమంలో మూలికల వైద్యం కూడా పెడదామంది.

యజమానురాలు వంటింటి వెనక ఖాళీ స్థలంలో కార్ల పార్కింగు వేయాలని గీతలు గీయించుకుని కూర్చుంది. మేనకోడలు అదే స్థలంలో మూలికల తోట వేయాలంటోంది.

"ఈ సీజను చూస్తాను," అంది యజమానురాలు చివరికి. "సీజను ఆఖర్న టూరు కంపెనీ ఆవిడ వస్తుంది. ఆవిడకి నచ్చి అతిథుల్ని పంపితే మీ మూలికలు ఉంటాయి. నచ్చకపోతే తోట పార్కింగు అవుతుంది, మీ మావయ్య ఇంటికి వెళ్తాడు."

"ఆయనతోపాటు నేనూ వెళ్తాను మేడం."

"బెదిరింపా?"

"లేదు మేడం. ముందస్తు సమాచారం."

మావయ్యని పరిచయం చేసే రోజున మేనకోడలు ఆయనకి ఇస్త్రీ చొక్కా వేయించి, ఎలా మాట్లాడాలో దారి పొడుగునా చెప్పి తీసుకొచ్చింది. మావయ్య అన్నిటికీ తలూపాడు.

"మా అతిథులకి మీరు ఏమేం ఇస్తారు?" అనడిగింది యజమానురాలు.

"ఏం జబ్బులండీ వాళ్ళకి?"

"జబ్బులేం ఉండవు. విశ్రాంతి కోసం వస్తారు."

"మరి మందెందుకండీ?"

మేనకోడలు బల్ల కింద ఆయన కాలు తొక్కింది.

"అంటే, అలసట ఉంటుందనుకోండి," అన్నాడు మావయ్య కాలు వెనక్కి లాక్కుంటూ. "నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, తిన్నది అరక్కపోవడం. అలాంటివాటికి ఉన్నాయండీ నా దగ్గర."

"రుచిగా ఉంటాయా?"

"ఛ, ఉండవండీ."

మళ్ళీ తొక్కుడు పడింది. మావయ్య బల్ల కిందికి వంగి చూసి, "ఈసారి నేను నిజమే చెప్పానే అమ్మడూ" అన్నాడు.

ఎలాగో ఒప్పించింది. అతిథుల్ని ముందు రిసార్టు డాక్టరమ్మ చూడాలి, ఆవిడ సరేనన్నాకే మావయ్య దగ్గరికి పంపాలి అని పద్ధతి పెట్టారు. దుప్పట్ల గది ఖాళీ చేసి పొయ్యి, గిన్నెలు, రెండు పీటలు వేశారు. వంటింటి వెనక మేనకోడలు తనే కొంగు బిగించి మళ్ళు కట్టించింది. పుదీనా, కలబంద, అల్లం, పసుపు, ఇంకా మావయ్యకి తప్ప ఎవరికీ పేర్లు తెలియని చేదు మొక్కలు లేచి నిలబడ్డాయి. తర్వాత ఆమె బ్రోచరు రాయించింది. నిద్ర కషాయానికి 'చంద్రోదయ శాంతి' అని, ఆకలి కషాయానికి 'జఠర వసంతం' అని, అరుగుదల కషాయానికి 'అంతరంగ గంగ' అని పేర్లు పెట్టింది. ఇన్ని పేర్లు పెట్టిన మనిషి వాటిలో ఒక్క చుక్క కూడా నాలుక మీద వేసుకోలేదు. చేదంటే ఆమెకి చిన్నప్పటినుంచీ పడదు. మావయ్యతో పనుంటే మందుల గది గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది.

కింది వీధిలో పూటకొక రోగి వస్తే గొప్ప. రిసార్టులో అలా కాదు. పొద్దున్న వేడినీళ్ళలో మునిగినవాళ్ళంతా తుండుగుడ్డలు చుట్టుకుని వరసగా వచ్చి కూర్చుంటారు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక గిన్నె, ప్రతి గిన్నెకీ మావయ్య గిన్నె. మేనకోడలు ఈ సంగతి ముందే ఊహించి ఉండాల్సింది. ఊహించలేదు. అన్నీ ఊహించే మనిషి ఇంట్లో రోజూ చూసేదాన్ని ఊహించదు.

మొదటి గొడవ వంటమాస్టారు తెచ్చాడు.

"అమ్మా, మీ మావయ్యగారు అతిథా, స్టాఫా? ముందది తేల్చండి."

"స్టాఫే. ఏం?"

"అతిథుల టేబులు మీదా తింటున్నారు, స్టాఫు పంక్తిలోనూ తింటున్నారు. బక్కగా ఉన్న ఒక లెక్చరరుగారికి ఆకలి కషాయం పడుతోంది. ఆయన తినాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తూ ఉంటే, ఈయన వచ్చి గిన్నెలు ఖాళీ చేస్తున్నారు. నేను రెండోసారి పొయ్యి వెలిగిస్తున్నాను."

మేనకోడలు మావయ్యని నిలదీస్తే ఆయన సిగ్గుపడ్డాడు. "పనిచేస్తోందే కషాయం," అన్నాడు.

రెండో గొడవ ఇంకా పెద్దది. నిద్ర పట్టని బ్యాంకు అధికారి ఒకాయన వచ్చాడు. కళ్ళ కింద నల్లటి గుంటలు, చేతిలో ఫోను. మావయ్య ఆయనకి చంద్రోదయ శాంతి పట్టి, తానూ పట్టించాడు. కాసేపటికి యజమానురాలు ఎవరో బంధువులకి రిసార్టు చూపిస్తూ "ఇది మా మూలికా విభాగం" అని తలుపు తీసింది. లోపల బ్యాంకు అధికారి గోడకి చేరగిలపడి నిద్రపోతున్నాడు. ఆయన భుజం మీద తల పెట్టుకుని మూలికా విభాగం నిద్రపోతోంది. ఇద్దరి గురకా ఒకే శ్రుతిలో ఉంది. బయట బెంచీ మీద తుండుగుడ్డల వరస చలికి వణుకుతోంది.

యజమానురాలు మేనకోడల్ని పిలిపించింది.

"వైద్యుడు కషాయం తాగి అతిథి భుజం మీద నిద్రపోవడం ఏ రిసార్టులోనైనా చూశారా?"

"లేదు మేడం."

"నేనూ చూడలేదు, ఇవాళటిదాకా. ఆయన తాగడమన్నా మానాలి, ఇక్కడుండడమన్నా మానాలి. సీజను అయిపోవస్తోంది."

మేనకోడలు పళ్ళు బిగించి మందుల గదికి నడిచింది. మావయ్య నిద్ర లేచి గిన్నెలు కడుక్కుంటున్నాడు.

"మావయ్యా, రేపటినుంచి నువ్వు తాగకూడదు."

ఆయన చేతిలో గిన్నె ఆగింది. "ఎవరన్నారు?"

"మేడం అన్నారు."

"ఆవిడ అంటే కుదరదులే."

"నేనూ అంటున్నాను. ఇది ఆర్డరు."

"నువ్వే అంటున్నావా?"

"నేనే."

"బాగా ఆలోచించుకునే అంటున్నావా? తర్వాత నన్ననకూడదు."

"నేనెందుకంటాను మావయ్యా?"

మావయ్య తన గిన్నెని తుడిచి పైనున్న అరలో బోర్లించాడు. "సరే. నువ్వంటే సరే," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎవరు బతిమాలినా, ఎవరు వెక్కిరించినా మానని మనిషి ఒక్క మాటతో ఒప్పుకున్నాడు. మేనేజరు హోదాకి ఇంత బలం ఉందా అని మేనకోడలు తనలో తాను పొంగిపోయింది. ఆ పొంగు ఎక్కువకాలం నిలవలేదు.

మర్నాటినుంచి మందుల గది చాలా క్రమశిక్షణగా నడిచింది. మావయ్య ఒంటి గిన్నె అందించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అతిథులు గిన్నెలోకి చూసేవారు, ఆయన వైపు చూసేవారు, మర్యాదగా నవ్వి "వరండాలో కూర్చుని నెమ్మదిగా తాగుతాం" అని పట్టుకెళ్ళేవారు. గిన్నెలన్నీ ఖాళీగా తిరిగొచ్చేవి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మేనకోడలు సంతోషించింది.

ఒకరోజు యజమానురాలు వరండాలో ఆగిపోయింది. పూలకుండీల వరసలో సగం మొక్కలు తలలు వేలాడేశాయి.

"వీటికేమైంది?"

మావయ్యని పిలిచారు. ఆయన వంగి ఒక ఆకు తిప్పి చూశాడు. మట్టి చిటికెడు తీసి వాసన చూశాడు. పక్క కుండీ దగ్గరికి వెళ్ళి అక్కడా అదే చేశాడు.

"ఈ చివరిదానికి నిద్ర బాగా పట్టింది మేడం," అన్నాడు లేచి నిలబడి. "పక్కదానికి మాత్రం డోసు ఎక్కువైంది."

యజమానురాలు మేనకోడలి వైపు చూసిన చూపులో పార్కింగు గీతలు స్పష్టంగా కనపడ్డాయి. అతిథుల అభిప్రాయాలు చదివితే ఒక్కరూ కషాయం గురించి రాయలేదు. పేర్లు బాగున్నాయని మాత్రం రాశారు. టూరు కంపెనీ ఆవిడ మర్నాడే వస్తోంది.

సాయంత్రం మేనకోడలు తోట గట్టు మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసింది. చేదు మొక్కలు బాగా ఏపుగా ఉన్నాయి. వాటిని పీకించి తారు పోయించడం తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఆ ఏడుపుని కోపంగా మార్చుకుంది.

"మీ అన్నయ్య తాగితే ఒక గొడవమ్మా, మానేస్తే ఇంకో గొడవ."

"మానేశాడా?" అమ్మకి ఆశ్చర్యమేసింది. "ఎవరు మాన్పించారు?"

"నేనే. ఒక్క మాటన్నాను, మానేశాడు."

అవతల అమ్మ నవ్వు వినపడింది.

"నువ్వంటే మానడా మరి. పెట్టింది నువ్వే కదే."

"నేనేం పెట్టాను?"

"ఆరేళ్ళప్పుడు నీకు జ్వరమొచ్చి వానాకాలమంతా మంచం మీదున్నావు. గుర్తుందా? డాక్టరుగారి మాత్రలయ్యాక ఒంట్లో ఓపిక రావడానికి మావయ్య కషాయం కాచాడు. నువ్వు మొదటి గుక్క ఆయన చొక్కా మీద ఉమ్మావు. ముందు నువ్వు తాగు అన్నావు. తాగాడు. మొహం పెట్టు అన్నావు. పెట్టాడు. అప్పుడు నవ్వి తాగావు. రోజూ అదే తంతు. జ్వరం పూర్తిగా తగ్గిన రోజున మంచం మీద నిలబడి ఆయన చెవి పట్టుకుని ఒట్టేయించుకున్నావు."

"ఏమని?"

"ఎవరికిచ్చినా నువ్వూ అంత తాగాలి, మొహం కూడా పెట్టాలి, పాపం వాళ్ళొక్కళ్ళే తాగకూడదు అని. ఇంట్లో అందరం అక్కడే ఉన్నాం. ఎంత కోపంగా చెప్పావనుకున్నావు."

మేనకోడలికి జ్వరం గుర్తుంది. వాన చప్పుడు గుర్తుంది. మావయ్య మొహం కూడా గుర్తుంది. ఆర్డరు మాత్రం గుర్తులేదు.

"చిన్నపిల్లనమ్మా. ఏదో అన్నాను, మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోయావు, ఆయన మర్చిపోలేదు. అంతే," అంది అమ్మ.

మేనకోడలు లేచి మందుల గదికి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. మావయ్య మర్నాటికి కాస్తున్న కషాయం పాకం చూడడానికి గరిటెతో కాస్త తీసి నోట్లో పోసుకుంటున్నాడు. ఏదో పాట కూనిరాగం తీస్తూ, కిటికీలోంచి తోట చూసుకుంటూ, టీ తాగినంత తీరిగ్గా చప్పరిస్తున్నాడు. మొహంలో ఒక్క ముడత కదల్లేదు.

"చేదుగా లేదా మావయ్యా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "పాకం చూస్తున్నానే అంతే. తాగడం లేదు. ఒట్టు."

"అది కాదు. చేదుగా లేదా అని."

"ఏది, ఇదా? ఇన్నేళ్ళు తాగాక ఇంకా చేదెక్కడుంటుందే. మంచినీళ్ళలా ఉంటుంది."

"మరి ఆ మొహం?"

మావయ్య గరిటె కిందపెట్టి నీళ్ళు నమిలాడు. "అది ఆర్డరులో భాగం కదా," అన్నాడు.

మేనకోడలు మొదటిసారి ఆ గుమ్మం దాటి లోపలికొచ్చి పీట మీద కూలబడింది. తన మీద తనకి సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది. పోస్టుమాస్టరూ, దూడా, బిగుతైన చొక్కాలూ అన్నీ తన ఖాతాలోవే.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు మొహమాటపడి మాన్పిస్తావని. తీరా చెప్పకపోయినా మాన్పించావు." ఆయన పొయ్యి మంట తగ్గించాడు. "కానీ నువ్వప్పుడు చెప్పింది మంచి మాటేనే. ఎదుటివాడు మనకంటే ఎక్కువ అవస్థ పడుతుంటే మన చేదు కాస్త దిగుతుంది. నాకంతకుముందు తట్టలేదు."

"రేపు మళ్ళీ తాగుతావా?"

"నువ్వంటే తాగుతాను. కానీ అమ్మడూ, ఈ వరసంతా నా ఒక్కడి పొట్టలో పట్టదే. నిద్రదీ ఆకలిదీ ఒకేసారి పడితే నిద్రలో ఆకలేస్తోంది."

మేనకోడలు పైఅరలో బోర్లించి ఉన్న గిన్నె వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

టూరు కంపెనీ ఆవిడ పొద్దున్నే దిగింది. పొడుగ్గా, నిటారుగా, చేతిలో సంచీతో. ప్రతి గదిలో పరుపు మీద అరచెయ్యి నొక్కి చూసింది. కుళాయిలన్నీ తిప్పింది. వేడినీటి ఊటలో వేలు ముంచి తీసింది. దేనికీ ఆమె మొహం కదల్లేదు. యజమానురాలు వెనకే తిరుగుతూ, ఒక నవ్వయినా రాకపోతుందా అని ఎదురుచూసి అలిసిపోయింది. మధ్యాహ్నం డాక్టరమ్మ చూసి సరేనన్నాక అందరూ మందుల గదికొచ్చారు.

"మీకేం ఇబ్బందండీ?" అనడిగాడు మావయ్య.

"నిద్ర పట్టదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని పరుపుల మీద పడుకున్నా అంతే. పరుపులు బాగున్నాయో లేదో చెప్పడమే నా ఉద్యోగం."

మావయ్య జాలిగా తలూపి ఒక గిన్నె అందించాడు. ఆవిడ దానిలోకి చూసింది. "బ్రోచరులో దీన్ని చంద్రోదయ శాంతి అన్నారు."

"చేదు కషాయమండీ," అన్నాడు మావయ్య.

యజమానురాలు దగ్గింది. టూరు కంపెనీ ఆవిడ గిన్నె ముక్కు దాకా తెచ్చుకుని ఆపింది. "తర్వాత తాగుతాను" అని పక్కన కిటికీ గూట్లో పెట్టింది. ఆ గూట్లో ఒక పూలకుండీ ఉంది. ఆవిడ కళ్ళు గిన్నె మీంచి కుండీ మీదికి వెళ్ళడం గదిలో అందరూ చూశారు. మావయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, అనుమతి కోసం మేనకోడలి వైపు చూశాడు.

మేనకోడలు ముందుకొచ్చి పీట లాక్కుని టూరు కంపెనీ ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, ఇంకో గిన్నె."

"నన్ను వద్దన్నావుగా."

"నీకు కాదు. నాకు."

మావయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. కషాయం వాసనకే కిటికీలు తెరిపించే మనిషి. అయినా పైఅరలోంచి తన గిన్నె దించి పోయడం మొదలుపెట్టాడు.

"సగం చాలు," అంది మేనకోడలు.

"సగాలు లేవు. ఆవిడకెంతో నీకంత. ఆ రూలు నాది కాదు," అన్నాడు మావయ్య.

మేనకోడలు గిన్నె అందుకుని, గొంతు సవరించుకుని, "కానిద్దామాండీ?" అని కళ్ళు మూసుకుని ఒక్క గుటకలో తాగేసింది. తర్వాత ఆమె మొహంలో జరిగింది ఆమె చేతిలో లేదు. కనుబొమలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. నోరు ఒక చెవి వైపు బయల్దేరింది. ఒక కన్ను మూసుకుపోయి ఎంతకీ తెరుచుకోలేదు. ముప్ఫై ఏళ్ళు దాచిన చేదంతా ఒకేసారి వసూలైనట్టుంది. యజమానురాలు కంగారుపడి "మంచినీళ్ళు తేండి" అని వరండాలోకి పరిగెత్తింది.

టూరు కంపెనీ ఆవిడ ఆ మొహాన్ని కన్నార్పకుండా చూసింది. ముందు ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత సంచీ ఒళ్ళోంచి జారింది. ఆ తర్వాత ఆవిడ అంత నిటారు మనిషీ వంగిపోయి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూనే గూట్లోంచి గిన్నె తీసి గడగడా తాగేసి, తానూ ఒక మొహం పెట్టింది.

"ఇద్దరిలో ఎవరిది ఘోరంగా ఉందండీ?" అని మావయ్యని అడిగింది.

మావయ్య ఇద్దర్నీ పరీక్షగా చూశాడు. "మీది పర్వాలేదండీ, సాధనతో వస్తుంది. మా అమ్మడిది పుట్టుకతో వచ్చింది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం టూరు కంపెనీ ఆవిడ వరండాలో పేము కుర్చీలో కూర్చుని కళ్ళు మూసింది. పక్క కుర్చీలో మేనేజరు కూడా మూసింది. యజమానురాలు ఇద్దరి చుట్టూ మునివేళ్ళ మీద తిరుగుతూ, వచ్చేపోయేవాళ్ళని నోటి మీద వేలుంచి అదిలించింది. ఎండ వాలాక టూరు కంపెనీ ఆవిడ లేచి, తనెక్కడుందో ఒక క్షణం తెలియక చుట్టూ చూసింది.

"ఎన్నో రిసార్టులు తిరిగాను," అంది తర్వాత. "అందరూ నా చేతికి ఏదో ఒకటిచ్చి, నేను తాగుతుంటే నిలబడి చూశారు. కూర్చుని నాతోపాటు తాగినవాళ్ళు లేరు. నా అతిథుల్ని పంపిస్తాను. కానీ రెండో గిన్నె ఉండాలి. అది లేకపోతే మీ కషాయం నాకొద్దు."

యజమానురాలు మేనకోడల్ని పక్కకి లాగింది. "మరి ఆయన మళ్ళీ ఎవరి భుజం మీదో..."

"వంతులేసుకుందాం మేడం," అంది మేనకోడలు. అప్పటికే అన్నీ ఆలోచించి పెట్టుకుంది.

ఆకలి కషాయం తోడు వంటమాస్టారుకి పడింది. అప్పటినుంచి రెండోసారి పొయ్యి వెలిగించడం గురించి ఆయన మాట్లాడడం మానేశాడు. అరుగుదల కషాయం కారు డ్రైవరుకిచ్చారు, నిద్రది ఆయన దగ్గరికి రానివ్వలేదు. రిసెప్షనులో అమ్మాయి మొహం పెట్టడంలో ఎంత పేరు తెచ్చుకుందంటే అతిథులు ఆమె వంతు ఎప్పుడో అడిగి మరీ వస్తున్నారు. పార్కింగు గీతలున్న కాగితాన్ని మావయ్య అడిగి తీసుకుని దాని మీద శొంఠికి అల్లం ఆరబెట్టుకున్నాడు. కింది వీధి సొరుగులు లారీ ఎక్కి కొండమీదికొచ్చి దుప్పట్ల గది గోడకి నిలబడ్డాయి. వాటిని మోసుకొచ్చినవాళ్ళకి మావయ్య ఒళ్ళునొప్పుల కషాయం ఇచ్చాడు. ఎవరు తోడు తాగారో చెప్పక్కర్లేదు. కుండీల్లో కొత్త మొక్కలు మంచినీళ్ళు తాగి పూస్తున్నాయి. బ్రోచరులో చంద్రోదయాలూ వసంతాలూ గంగలూ కొట్టేసి మేనకోడలు ఒకే ఒక్క వాక్యం వేయించింది: "చేదు కషాయం. తోడు దొరుకుతుంది."

యజమానురాలి వంతు ఆఖర్న వచ్చింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని, హుందాగా వచ్చి, అతిథి ఎదురుగా కూర్చుని, మంచినీళ్ళు తాగినట్టు తాగి గిన్నె కిందపెట్టింది. మొహంలో ఏమీ లేదు. అతిథి తన గిన్నె సగంలో ఆపేసి కిటికీ వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

"మొహం మేడం, మొహం," అని పొయ్యి దగ్గర్నుంచి గుసగుసలాడాడు మావయ్య.

"నాకు రాదండీ."

మావయ్య వెంటనే అరలోంచి తన గిన్నె దించాడు.

"మావయ్యా, ఇవాళ నీ వంతు కాదు కదా," అంది మేనకోడలు. ఇప్పుడామె గుమ్మం దగ్గర కాదు, లోపల పీట మీదే ఉంటోంది.

"ఇది వంతు కాదే. శిక్షణ," అని మావయ్య ఆ మంచినీళ్ళలాంటి కషాయాన్ని గటగటా తాగి, వానాకాలంలో మంచం పక్కన నిలబడి పెట్టిన ఆ పాత మొహాన్నే ఉన్నదున్నట్టు పెట్టాడు. యజమానురాలికీ అతిథికీ ఇంకా అర్థం కాకముందే మేనకోడలు పకపకా నవ్వేసింది.